ఆషాఢంలో పెళ్ళి ఫోటోలు

మాది నల్లగొండ. ఇరవై రెండేళ్ళుగా పెళ్ళి ఫోటోలు తీసి బతుకుతున్నాను. ఆషాఢం వచ్చిందంటే ముహూర్తాలు ఉండవు. స్టూడియో షట్టర్ సగం దించి, పాత ఆల్బమ్‌లు దిద్దుకుంటూ, ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి. నాలుగేళ్ళ కింద ఆ కూర్చోవడం మానేసి అమ్రాబాద్ అడవి వైపు పోవడం మొదలుపెట్టాను. ఈసారి ఆషాఢం జూన్ ఆఖర్లోనే పడింది. జులై 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా టైగర్ రిజర్వ్‌లో సఫారీలు ఆపేస్తారు. అటు ఆషాఢానికీ ఇటు గేటు మూతకూ మధ్య నాకు దొరికినవి ఐదు రోజులు.

ముందే చెప్తున్నాను, ఇందులో పులి లేదు. పులి మీద నాకు కోపమేమీ లేదు. అది పెళ్ళికొడుకు లాంటిది, అందరి కెమెరాలూ అటే తిరిగి ఉంటాయి. నాకేమో మొదటి నుంచీ పందిట్లో వెనక వరసల్లో జరిగేవి ఇష్టం. వంటల దగ్గర, చెప్పుల దగ్గర, కూర వడ్డించేవాడికీ ముసలాయనకూ మధ్య జరిగేవి. అడవిలో కూడా అవే వెతుక్కుంటాను.

మొదటి రోజు: డిండి

తోడు మా అక్క కొడుకు వచ్చాడు. డిగ్రీ చదువుతూ పెళ్ళిళ్ళలో డ్రోన్ ఎగరేస్తాడు. రిజర్వ్‌లో డ్రోన్ ఎగరెయ్యనివ్వరని ఇంట్లోనే పెట్టించాను. దేవరకొండ దాటేదాకా మొహం గంటు పెట్టుకునే కూర్చున్నాడు.

డిండికి రెండు మూడు కిలోమీటర్ల ముందు రోడ్డు పక్కన ఒక వ్యవసాయ బావి ఉంది. దాని మీదికి వంగిన ఈత చెట్టు, ఆ చెట్టుకు గిజిగాళ్ళు. పోయినేడాది ఆగస్టులో చూసినప్పుడు పిల్లలు ఎగిరిపోయి ఖాళీ గూళ్ళు గాలికి ఊగుతున్నాయి. ఈసారి సరిగ్గా పని మొదలైన వేళకు వచ్చాం. తలా రొమ్మూ పసుపెక్కిన మగపిట్టలు తొమ్మిదో పదో ఉన్నాయి. ఒక్కొక్కటి గడ్డిపోచను ముక్కున కరిచి తెచ్చి, ఆకు చివర ముడివేసి, లాగి బిగించి, మళ్ళీ గడ్డికి పోతోంది. ఒక గూడు పూర్తయ్యేసరికి ఇలా కొన్ని వందల సార్లు తిరుగుతుంది.

చాలామంది నిండు గూడును ఫోటో తీస్తారు. అసలు కథ సగం గూటి దగ్గర ఉంటుంది. బోర్లించిన తట్టలా పైభాగం అయిపోయి, కింద గొట్టం ఇంకా రాని గూడు. మగపిట్ట అక్కడ పని ఆపి కూర్చుంటుంది. ఆడపిట్టలు గుంపుగా వస్తాయి, చూడ్డానికి పిచ్చుకల్లా ఉంటాయి. అవి చెట్టు మీద వాలగానే మగవాటన్నిటికీ ఒక్కసారిగా పూనకం వచ్చినట్టు గూళ్ళ కింద తలకిందులుగా వేలాడుతూ రెక్కలు టపటపలాడిస్తాయి. ఆడది లోపలికి దూరి, పోచలు లాగి, ముక్కుతో పొడిచి చూస్తుంది. నచ్చితే ఉంటుంది. అప్పుడు మగది గొట్టం అల్లడం మొదలుపెడుతుంది. నచ్చకపోతే మాట్లాడకుండా పక్క గూటికి పోతుంది.

"పెళ్ళిచూపులే మామా ఇవి. కాకపోతే ఇల్లును చూస్తున్నది, పిల్లగాన్ని కాదు," అన్నాడు మావాడు.

బావి తాలూకు తాత మోటర్ షెడ్డులోంచి వచ్చి, "గూళ్ళు కావాల్నా సారూ? కోసిస్త, తీస్కపోండ్రి," అన్నాడు. ఇళ్ళల్లో అలంకారానికి అడిగేవాళ్ళు ఉన్నారట. వద్దు తాతా, చూసి పోతం అంటే ఆయనకు మా మీద జాలేసింది. ఆ షెడ్డు నీడలో నేను మూడు గంటలు కూర్చున్నాను, 70-200 లెన్సుతో. పెళ్ళిళ్ళకు వాడేదే. పక్కపక్కనే ఉన్న రెండు గూళ్ళను గుర్తు పెట్టుకున్నాను. రెండూ తట్ట దశలోనే ఉన్నాయి. ఒకటి నున్నగా, గట్టిగా ఉంది. రెండోది కొంచెం వంకర. ఆ మధ్యాహ్నం రెండింటినీ ఎవరూ ఒప్పుకోలేదు.

డిండి కట్ట దగ్గర చేపల వేపుడు తిని, చీకటి పడేసరికి అచ్చంపేటలో లాడ్జికి చేరాం.

రెండో రోజు: ఉమామహేశ్వరం కింద

ఈ రోజు గురించి రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

రంగాపూర్ దగ్గర ఉమామహేశ్వరం కొండ ఉంది కదా, శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు. దాని కింద రాళ్ళు తేలిన బీడు భూమి ఉంటుంది. అక్కడ జానెడు కూడా లేని ఒక తొండ బతుకుతుంది. ఇంగ్లిషులో ఫ్యాన్ త్రోటెడ్ లిజర్డ్ అంటారు. మన ఊళ్ళల్లో ప్రత్యేకంగా పేరేం పెట్టుకోలేదు, తొండ పిల్ల అని వదిలేస్తారు. మట్టి రంగులో ఉంటుంది, కదిలితే తప్ప కనపడదు. తరుముకొస్తే వెనక కాళ్ళ మీద లేచి మనిషిలా పరిగెడుతుంది. ఆ కాసేపూ నవ్వు ఆగదు.

జత కట్టే కాలంలో మగది ఎత్తైన రాయి ఒకటి చూసుకుని దాని మీద నిలబడుతుంది. గొంతు కింద మడతపడి ఉన్న తోలును విసనకర్రలా విప్పుతుంది, మూస్తుంది, విప్పుతుంది. తెల్లటి పొర, దాని మీద నీలి గీత. ఎండ వెనక నుంచి పడితే ఆ పొర దీపం పెట్టినట్టు వెలుగుతుంది. పక్క రాయి మీద ఇంకో మగది ఉంటే ఇద్దరూ వంతులవారీగా విప్పుకుంటారు. ఎక్కువ సార్లు ఆ చూపడంతోనే తగవు తీరిపోతుంది.

ఉదయం ఏడున్నరకు ఒకడు దొరికాడు. నేను ఇరవై అడుగుల దూరంలో పడుకున్నాను. పది నిమిషాలకోసారి మోచేతుల మీద ఒక అడుగు ముందుకు జరిగేవాణ్ణి. తొమ్మిదింటికి పది అడుగుల దూరానికి వచ్చాను. వాడు నన్ను పట్టించుకోవడం మానేశాడు. చీమను పట్టాడు, తిన్నాడు, గొంతు విప్పాడు. వెలుగు వెనక నుంచి వస్తోంది. అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. ఫ్రేములో ఎడమవైపు ఎండిన ముళ్ళకొమ్మ ఒకటి అడ్డంగా ఉంది.

పెళ్ళి మండపంలో ప్లాస్టిక్ కుర్చీ అడ్డం ఉంటే మేం ఏం చేస్తాం? పక్కకు లాగేస్తాం. ఇరవై రెండేళ్ళ అలవాటు, చెయ్యి దానంతట అదే పోయింది. కొమ్మ విరిచి పక్కన పెట్టి తల ఎత్తేసరికి రాయి ఖాళీ.

వస్తాడులే అనుకున్నాను. పదకొండు అయింది, పన్నెండు అయింది. రాయి కాలిపోతోంది. అప్పుడు తట్టింది నాకు. వాడు రాయి దిగినప్పుడల్లా ఆ కొమ్మ కిందికే పోయేవాడు. కాకి వస్తే, గద్ద నీడ పడితే దాక్కోవడానికి ఉన్న చాటు అది ఒక్కటే. నాకు అడ్డం అనిపించింది, వాడికి ఇల్లు. కొమ్మను తెచ్చి, దుమ్ములో దాని గుర్తు ఎక్కడుందో చూసి, ఉన్నట్టే పెట్టడానికి ప్రయత్నించాను. సాయంత్రం దాకా కూర్చున్నా వాడు రాలేదు. కార్డులో మిగిలినవి ముళ్ళకొమ్మ ఉన్న ఫోటోలే. రాత్రి లాప్‌టాప్‌లో చూస్తే, నిజం చెప్పాలంటే, ఆ కొమ్మతోనే ఫోటో బాగుంది. కొమ్మ నీడ తొండ వీపు మీది గీతలతో కలిసిపోయింది.

మూడో రోజు: మన్ననూరు

అచ్చంపేట నుంచి మన్ననూరు దగ్గరే. అక్కడి చెక్‌పోస్టు దాటితే రిజర్వ్. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఈ శ్రీశైలం రోడ్డు మీద బండ్లను పోనివ్వరు. ఒకప్పుడు ఈ అడవి నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్‌లో భాగం. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఇవతలి వైపు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది, 2,611 చదరపు కిలోమీటర్లు. కొంత మా నల్లగొండ జిల్లాలోకి వస్తుంది, చాలాభాగం పాత పాలమూరులోకి, అంటే ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలోకి.

పొద్దున సఫారీలో ఫరహాబాద్ పోయాం. నిజాం కాలంలో వేటకు వచ్చిన చోటు అది. వ్యూపాయింట్ నుంచి కింద లోయ చూస్తే మాట రాదు. అందరూ సెల్ఫీలు దిగుతున్నారు. జీపులో మాతో పాటు వచ్చిన కుటుంబం దుప్పులను చూసి సంతోషపడింది, పులి రాలేదని డ్రైవర్ మీద అలిగింది.

నాకు దొరికింది ఒక పెంటికల కుప్ప. నవ్వకండి. మాతో వచ్చిన చెంచు పెద్దాయన, అటవీశాఖలో వాచరుగా చేస్తున్నాడు, బండి ఆపించి చూపించాడు. కొండగొర్రెది. నాలుగు కొమ్ములుండే జంతువు అది. కొమ్ములు మగదానికే, చెవుల మధ్య రెండు, నుదుటి మీద చిన్నవి రెండు. దాని అలవాటేమిటంటే, తిరిగే చోట కొన్ని గుర్తు చోట్లు పెట్టుకుని మళ్ళీ మళ్ళీ అక్కడికే వచ్చి పెంటికలు వేస్తుంది. కుప్పలో పైవి తడిగా, నల్లగా ఉన్నాయి. కిందివి ఎండి తెల్లబడ్డాయి. "పొద్దుగాల వచ్చి పోయింది సారూ, మల్ల వస్తది. మీరుంటే రాదు," అన్నాడు పెద్దాయన. ఆ కుప్పను ఫోటో తీశాను. జీపులోని ఆవిడ పిల్లల మొహాలు అటు తిప్పేసింది.

మధ్యాహ్నం మూడింటికి మబ్బు పట్టింది. ఈసారి మృగశిర పొడిగానే పోయింది. ఆరుద్ర వచ్చి నాలుగైదు రోజులైనా చినుకు లేదు. నాలుగింటికి మొదలైన వాన గంటన్నర కొట్టింది. వెలిశాక పొన్నంగి పిట్ట రెండు ఈలలు వేసింది ఎక్కడి నుంచో. పెద్దాయన కాటేజీ వెనక పుట్ట వైపు చూపించి, "ఇప్పుడు సూడండ్రి," అన్నాడు. పది నిమిషాలు ఏమీ లేదు. తర్వాత పుట్ట పగుళ్ళలోంచి ఉసిళ్ళు పొగలా లేచాయి. కాకులు, ఏట్రింతలు గాల్లోనే పట్టి మింగుతున్నాయి. నేల మీద బల్లులు, చీమలు. ఎక్కణ్ణుంచో ఒక ఉడుము కూడా తీరిగ్గా నడిచొచ్చి, పుట్ట పక్కన నిలబడి నాలుక చాపి చాపి ఏరుకుంది. పావుగంటలో విందు అయిపోయి రెక్కలు మాత్రమే మిగిలాయి, అక్షింతల్లా.

కానీ ఆ రోజు అసలు ఘట్టం రాత్రిది.

ఊరి చివర చేనులో మోకాలు లోతు నీళ్ళు నిలిచాయి. ఎనిమిదింటికి అటు నుంచి బ్యాండు మొదలైంది. బోదురు కప్పలు. మామూలుగా బురద రంగులో ఉండే కప్ప, తొలి గట్టి వానకు మగదైతే నిమ్మపండు పసుపులోకి మారిపోతుంది. గొంతుకు రెండు వైపులా ముదురు నీలి సంచులు ఉబ్బుతాయి. టీవీలో ఏటా "వింత పసుపు కప్పలు, గ్రామస్తుల్లో ఆందోళన" అని వేస్తుంటారు. వింతా లేదు, ఆందోళనా లేదు. పెళ్ళికొడుకు షేర్వానీ వేసుకున్నాడు, అంతే. ఆడకప్ప మాత్రం రంగు మార్చుకోదు, వచ్చిన బట్టలతోనే వస్తుంది. జత కట్టడాల హడావుడి అయిపోతే పసుపు కూడా పోతుంది. అందుకే ఈ రాత్రి తప్పితే మళ్ళీ వచ్చే ఏడే అనుకోవాలి.

యూరియా సంచి పరిచి గట్టు మీద బోర్లా పడుకున్నాను. కప్ప కన్ను ఎంత ఎత్తులో ఉందో లెన్సూ అంతే ఎత్తులో ఉండాలి. నిలబడి తీస్తే అది కప్ప ఫోటో, పడుకుని తీస్తే కప్పల మధ్య ఫోటో. ఫ్లాష్‌కు పాల ప్యాకెట్ కవరు తొడిగి, పవర్ బాగా తగ్గించి, పక్క నుంచి పెట్టించాను. పది పన్నెండు ఫోటోలకోసారి ఆపి, లైట్లన్నీ ఆర్పి, అరుపులు మళ్ళీ ఊపందుకునే దాకా ఆగేవాళ్ళం. మావాడికి అది నచ్చలేదు. "గిట్లైతే అన్నీ మిస్సయితయ్ మామా." మిస్సయ్యాయి కూడా.

రెండు మగకప్పలు కుస్తీ పట్టాయి. ఒకదాని తల ఇంకోటి నీళ్ళల్లోకి తొక్కింది. మూడోది ఆ గొడవలో ఆడదాని పక్కకు చేరింది. ఇలాంటివి ఫంక్షన్ హాల్లో కూడా చూశాను గానీ ఆల్బమ్‌లో పెట్టలేను. అరిచేటప్పుడు నీలి సంచులు ఉబ్బిన క్షణం కావాలంటే అరుపు విన్నాక నొక్కితే లాభం లేదు. అరవబోయే ముందు కప్ప పక్కలు లోపలికి పోతాయి. అప్పుడు నొక్కాలి. అది పట్టుకోవడానికి నాకు గంటన్నర పట్టింది. ఆ తర్వాత వరసగా పదకొండు ఫోటోలు కుదిరాయి. అదే పద్ధతి రేపు షెహనాయ్ వాళ్ళ మీద కూడా పనిచేస్తుందేమో చూడాలి.

పదింటికి మళ్ళీ చినుకులు. దోమలు నన్ను పూర్తిగా తినేశాయి.

నాలుగో రోజు: ఇంద్రగోపాలు

తెల్లవారి ఆత్రంలో తప్పు చేశాను. ఏసీ గదిలోంచి కెమెరా బయటికి తేగానే లెన్సంతా ఆవిరి కమ్మేసింది. వానాకాలం కెమెరాను రాత్రి బయటి గాలిలోనే సంచిలో పెట్టుకోవాలని వందసార్లు అందరికీ చెప్తాను. అరగంట పోయింది.

వాన తడిసిన ఇసుక నేల మీద ఆరుద్ర పురుగులు బయటికి వచ్చాయి. ఎర్ర మఖమల్ గుండీల్లాంటివి. పాతకాలం వాళ్ళు ఇంద్రగోపాలు అన్నారు. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో పెట్టుకుని బడికి తీసుకుపోయేవాళ్ళం, సాయంత్రానికి చచ్చిపోయేవి. పురుగు అంటాం గానీ ఎనిమిది కాళ్ళు, సాలీడుకు చుట్టం. పిల్ల దశలో ఆరే కాళ్ళుంటాయి, అప్పుడు వేరే కీటకాల ఒంటికి అంటుకుని బతుకుతాయి. ఏడాదిలో చాలాకాలం మట్టిలోనే. తొలి వానలకు తిండికీ జతకూ బయటికి వచ్చి కొద్ది రోజులకే మాయమవుతాయి. ఆ రంగు చూసి పిట్టలు కూడా ముట్టుకోవు, రుచి బాగోదట.

వీటిని తీయడం అనుకున్నంత సులువు కాదు. ఎర్ర రంగు కెమెరా సెన్సర్‌ను ముంచేస్తుంది. మఖమల్ నూగు అంతా పోయి ఎర్ర మచ్చలా వస్తుంది. ఎర్ర పట్టుచీరలు తీసీ తీసీ నాకు తెలిసిన జబ్బే ఇది. వెలుగు ఒక స్టాపుకు (కెమెరాలో వెలుగు కొలత అది) కొంచెం తక్కువ తగ్గించి తీసి, తర్వాత లేపుకుంటే జరీ కనిపిస్తుంది, ఇక్కడ నూగు కనిపిస్తుంది. ఫ్లాష్ వద్దు. మబ్బు వెలుగు చాలు. చిన్నవాటిని దగ్గర నుంచి తీసే 90 ఎంఎం మ్యాక్రో లెన్సు, కెమెరా నేల మీద బియ్యపు సంచి మీద.

ఒకచోట రెండు పురుగులు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి. మావాడు "పొట్లాట" అన్నాడు. కాదు. ఈ మఖమల్ పురుగుల పెళ్ళి వేరే తీరుగా ఉంటుంది. మగది చిన్న పుల్లల మీద, గడ్డి మీద తన బీజాన్ని చుక్కలు చుక్కలుగా పెట్టి ఒక తోటలా చేస్తుంది. అక్కడిదాకా సన్నని దారం లాంటి బాట వేస్తుంది. ఆడది ఆ బాట పట్టుకుని వస్తే ఇద్దరూ కలిసి తిరుగుతారు. ఆడదానికి నచ్చితే ఆ చుక్కల మీద కూర్చుంటుంది. వేరే మగది ఆ తోటను ముందు చూస్తే తొక్కి పాడుచేసి తనది పెట్టుకుంటుంది. ఇదంతా చెప్పేసరికి మావాడు బోర్లా పడుకుని ఫోను తీశాడు. ఆ పూటకు ఇక లేవలేదు. దారాన్ని ఫోటోలో పట్టాలని నేను రెండు గంటలు చూశాను. ఒక్క ఫ్రేములో మాత్రం, వెలుగు అడ్డంగా పడిన చోట, వెంట్రుకకన్నా సన్నగా ఏదో మెరిసింది. అదేనా, సాలెగూటి పోగా అన్నది నేను పందెం కట్టను.

మధ్యాహ్నం పెద్దాయనతో టీ తాగుతుంటే మూషిక జింక మాట వచ్చింది. కుందేలంత జింక, మూడు కిలోలకు అటూ ఇటూ, కొమ్ములుండవు, మగదానికి చిన్న కోరలుంటాయి. హైదరాబాద్ జూ పార్కులో 2010 నుంచి సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల సాయంతో వీటిని పెంచి, ఆ తర్వాత కొన్నింటిని ఈ అడవిలో వదిలారు. చప్పుడైతే పారిపోకుండా రాయిలా బిగుసుకుని నిలబడటం దాని పద్ధతి. "మీ కాళ్ళ కాడ్నే ఉంటది సారూ, మీకు కనబడది," అన్నాడు. ఎన్నిసార్లు చూశావు అంటే వేళ్ళు లెక్కపెట్టి, ఒక చేతి దగ్గర ఆగాడు. అడవిలోనే పుట్టి పెరిగిన మనిషి.

రాత్రి కాటేజీ వెనక రాళ్ళకుప్ప దగ్గర అతినీలలోహిత కాంతి టార్చ్ వేసి చూశాం. ఆ వెలుగులో తేళ్ళు ఆకుపచ్చగా మెరుస్తాయి. ఒక నల్లతేలు వీపు నిండా తెల్లటి పిల్లలతో ఉంది. తేలు పిల్లలు తల్లిని తినేసి పుడతాయని మా నాయనమ్మ చెప్పేది. నిజానికి అవి పుట్టగానే తల్లి వీపెక్కి, మొదటి కుబుసం విడిచేదాకా అక్కడే ఉంటాయి. తర్వాత దిగిపోతాయి. నాలుగు ఫోటోలు తీసి టార్చ్ ఆర్పేశాం. ఆ వెలుగు వాటికి పడదు.

ఐదో రోజు: మళ్ళీ డిండి

చెక్‌పోస్టు దగ్గర టీ కొట్టాయన, "దొరికిందా సార్ పులి?" అన్నాడు. మావాడు ఫోనులో ఎర్ర పురుగును చూపించాడు. ఆయన కళ్ళజోడు పైకి పెట్టుకుని చూసి, "ఇది మా ఇంటెన్క గూడ ఉంటది గదా," అని టీ పోశాడు.

తిరిగొస్తూ డిండి బావి దగ్గర ఆగాం. నేను గుర్తు పెట్టుకున్న రెండు గూళ్ళలో వంకర దానికి గొట్టం జానెడు దిగింది. ఆడపిట్ట లోపలికీ బయటికీ తిరుగుతోంది. నున్నగా, గట్టిగా ఉన్న గూడు అట్లాగే ఉంది, ఆకుపచ్చ పోయి గోధుమ రంగుకు తిరిగింది.

"వీనికి సంబంధం కుదిరింది మామా. వానికే పాపం," అన్నాడు మావాడు.

ఆ నున్నటి గూటి మగపిట్ట తన గూటి పక్కనే ఇంకో ఈతాకు మీద వాలింది. పచ్చి గడ్డిపోచ తెచ్చి మొదటి ముడి వేస్తోంది. సాయంత్రం ఐదింటికల్లా నల్లగొండ చేరాలి, శ్రావణంలో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు అడ్వాన్స్ ఇవ్వడానికి స్టూడియోకు వస్తామన్నారు. కారు ఎక్కుదామని వెనక్కి తిరిగితే, మావాడు అప్పటికే మోటర్ షెడ్డు నీడలో తాత పక్కన చతికిలబడి ఉన్నాడు.

వాళ్ళకు ఫోన్ చేసి, రేపు రమ్మన్నాను.